ఎదురువెలుగు వాదమునకు ఖండనము

భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో అడవియంచున నున్న చండ్రుగొండ పరిసర గ్రామములందు, ఆ మాటకు వచ్చిన ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల పల్లెలన్నింటను, పెండ్లి ఫొటోలు తీయువారి నడుమ ఒక అభిప్రాయము కొంతకాలముగా సిద్ధాంతమువలె చెలామణి యగుచున్నది. కొత్త కెమెరాలకు చీకటిలోనైనను చూడగల శక్తి వచ్చినది కావున ఫ్లాష్‌తో పని తీరిపోయినదనియు, ఎప్పుడైన కావలసివచ్చినచో దానిని కెమెరా నెత్తిన తగిలించి కొట్టిన చాలుననియు, వీడియోవారి ఎల్.ఈ.డి. లైటు ఎట్లును వెలుగుచుండును గనుక దానితోడనే గడుపుకొనవచ్చుననియు, ఫ్లాష్‌ను ప్రక్కగా స్టాండుపై నిలిపి రేడియో ట్రిగ్గర్‌తో వెలిగించుట పట్టణపు స్టూడియోల ఆడంబరమే గాని పల్లెటూరి పందిట అక్కరకు రాదనియు ఆ వాదము. అనుభవజ్ఞులే ఈ మాట చెప్పుచుండుటచేత, క్రొత్తగా కెమెరా పట్టిన యువకులు దానిని ప్రశ్నింపక స్వీకరించుచున్నారు. ఈ వాదము మొదలంట తప్పని నా నిశ్చితాభిప్రాయము. ఆ తప్పునకు మూల్యమును ఫొటోలో నిలిచిన మనిషి చెల్లించుచున్నాడు.

ఈ వాదులందరును వెలుగు చాలునా చాలదా యని పరిమాణమునే లెక్కించుచున్నారు గాని, అది ఏ దిక్కునుండి వచ్చుచున్నదను విచారణ వారికి లేదు. దున్నిన చేనిపై మిట్టమధ్యాహ్నపు టెండ పడినప్పుడు చాళ్ల లోతు కంటి కానదు; అదే చేను సాయంకాలపు ఏటవాలు టెండలో ప్రతి చాలును, ప్రతి పెడ్డను వేరువేరుగా చూపించును. మనుష్యుని ముఖమునకును ఇదే న్యాయము. కటకమునకు బెత్తెడు పైనుండి, కటకము చూచు దిక్కుననే పోవు ఎదురువెలుగు తాను కల్పించిన నీడలను ముఖము వెనుకకే త్రోసివేయును గనుక ముక్కు, చెంప, గడ్డము అన్నియు ఒక్క పలకగా చదునై పోవును. చెమటయు నూనెయు పట్టిన నుదుటిపై పడిన వెలుగు తిన్నగా కటకములోనికే తిరిగివచ్చి తెల్లని మరకయై నిలుచును. దూరపు లెక్క యింకొకటి కలదు. వెలుగు దూరముయొక్క వర్గమునకు విలోమముగా క్షీణించును గావున, ఫ్లాష్‌కు 2 మీటర్ల దూరమున నున్న వధూవరులకు సరిపోయిన వెలుగులో, 4 మీటర్ల దూరమున అక్షతలు పట్టుకొని నిలిచిన మేనమామకు నాల్గవ వంతును, 8 మీటర్ల దూరమున నున్న బంధుజనమునకు పదునాఱవ వంతును మాత్రమే దక్కును. మన యాల్బములలో పెండ్లికూతురు సున్నము పూసిన బొమ్మవలెను, ఆమె వెనుక నున్న పందిరి యంతయు గుహవలెను కనబడుటకు కారణ మిదియే.

ఇచట మిక్కిలి బాధ కలిగించు విషయ మొకటి చెప్పవలసియున్నది. మన ప్రాంతమున చామనచాయ మేనివారును, నల్లని మేనివారును అధికము. కోయగూడెముల పెండ్లిండ్లకును మన ఫొటోగ్రాఫర్లే పోవుచున్నారు. నల్లని మేని సొగసు, ప్రక్కనుండి వచ్చిన వెలుగు చెంపయెముకమీదుగా జారి మెల్లమెల్లగా నీడలో కలియు ఆ సంధిలో నున్నది. ఎదురువెలుగు ఆ సంధినే చెరిపివేయును. చెరిపిన పిమ్మట, బొమ్మ బాగుగా రాలేదని కంప్యూటరు ముందు కూర్చుండి ఆ పిల్ల మేనిని తెల్లబరచి, కన్నతల్లియే గుర్తింపలేని ముఖమొకటి సృష్టించి ఆల్బములో నతికించుచున్నారు. వెలుగు పెట్టుటలో జరిగిన లోపమును ఆ పిల్ల మేనిచాయ లోపముగా పరిగణించుట యెంత అన్యాయము! ఈ యన్యాయము మనతో మొదలైనదియు కాదు. రంగుల ఫిలిము కాలమున కోడాక్ సంస్థ ప్రింటింగు ల్యాబులకు పంపిన ప్రమాణపత్రములపై దశాబ్దములపాటు తెల్లజాతి స్త్రీ ముఖమే యుండెడిది. వానిని షర్లీ కార్డు లనెడివారు. ఆ చర్మము సరిగా వచ్చువరకు రంగులు సవరించి, తక్కిన జాతుల ముఖములు ఎట్లు వచ్చినను సరిపెట్టుకొనిరి. ఆ కార్డుల కాలము గడచినది గాని ఆ యభిరుచి మన ల్యాబులలో నింకను చావలేదు.

కెమెరా ఐ.ఎస్.ఓ. 12800కు పెంచినను బొమ్మ చెడదు గదా యందురు. నిజమే, కొత్త కెమెరాలు ఆ మేరకు సమర్థములు. అయితే కెమెరా వెలుగును హెచ్చించునప్పుడు అందలి వికారమునుగూడ హెచ్చించును. పగటి పెండ్లిలో ఎఱ్ఱని, నీలపు షామియానా గుడ్డలోనుండి వడిసిన యెండ, పెండ్లికొడుకు ముఖమును సగ మెఱ్ఱగను సగము నీలముగను చేయును. రాత్రి ముహూర్తమున ట్యూబులైటు పచ్చదనము, సీరియల్ సెట్ల రంగులు, డెకరేషన్ లైట్ల ఊదావన్నె ఒకే ముఖముపై కలహించును. కెమెరాలోని వైట్‌బ్యాలెన్సు ఒక్క రంగును సరిదిద్దగలదు గాని నాలుగింటి నొక్కసారి సరిదిద్దజాలదు. తెల్లని గొడుగులోనుండి, వధూవరులకు ప్రక్కగా, తలలకంటె ఎత్తున నిలిపిన ఒక్క ఫ్లాష్ ఆ రంగులనన్నిటిని ముఖమునుండి త్రోసివైచి, పందిరిలో వాని చోట వానిని నిలుపును.

వీడియో లైటు మాట యింతకంటె దుర్బలము. 100 వాట్ల ఎల్.ఈ.డి. లైటు, కెమెరా తెఱ సెకనులో 200వ వంతు తెఱచియున్న వ్యవధిలో ఖర్చుచేయు విద్యుచ్ఛక్తి అర జౌలు మాత్రమే. చేతిలో నిముడు సాధారణపు ఫ్లాష్ పూర్తిశక్తితో రమారమి 60 జౌళ్లను సెకనులో వేయవ వంతు ప్రాంతములో గుమ్మరించును. ఎల్.ఈ.డి. కొంత పొదుపరి యని యొప్పుకొన్నను ఈ యంతరము పూడదు. అదియు గాక గంటలకొలది కన్నులలోనికి కొట్టుచున్న లైటు నెదుట తాళి కట్టించుకొను పిల్ల కన్నులు చికిలించుకొని కూర్చుండవలసినదే.

ఇక రేడియో విషయము. వెలుగును కెమెరానుండి వేరుచేయుట నిన్నటి వేడుక కాదు. మెగ్నీషియము పొడితో ఫ్లాష్‌చూర్ణమును 1887లో జర్మనీయులైన మీథే, గేడికేలు రూపొందించిరి, ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అను అటవీశాఖాధికారి 1920లలో ఉత్తరభారతపు టడవులలో తీగ కట్టి, పులి తానే దానిని తాకి ఫ్లాష్‌ను వెలిగించునట్లమర్చి తీసిన చిత్రములు 1927లో గ్రంథముగా వెలువడినవి. తరువాత ఫ్లాష్‌బల్బులు, 1930లలో అమెరికాలో ఎడ్జర్టన్ వృద్ధిచేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చినవి. కెమెరానుండి ఫ్లాష్‌కు వైరు లాగినచో పందిట పిల్లలు తట్టుకొని స్టాండు కూలును. వెలుగును చూచి వెలుగు స్లేవ్ పద్ధతి పెట్టినచో, చుట్టాల కెమెరాల ఫ్లాష్‌లకెల్ల అది పలికి, తీరా జీలకఱ్ఱ బెల్లము వేళకు ఛార్జి లేక మూగవోవును. ఆరుబయటి యెండలో అది తరచు చూడజాలదు. ఈ చిక్కులనన్నిటిని తీర్చినది రేడియో ట్రిగ్గర్. అంతేగాక, కొన్ని పాత ఫ్లాష్‌ల కొనలయందు 200 వోల్టులకు పైబడిన విద్యుత్పీడనముండును. దానిని నేరుగా డిజిటల్ కెమెరాకు తగిలించిన కెమెరా దెబ్బతినవచ్చును, నడుమ రేడియో యున్నచో ఆ భయము లేదు.

ట్రిగ్గర్ సమయమునకు పలుకదను నాక్షేపణను మాత్రము నేను తేలికగా త్రోసిపుచ్చను. మాంగల్యధారణ మరల జరుగదు. ఆ క్షణమున ఫ్లాష్ వెలుగకున్న ఆ కుటుంబమునకు జవాబు చెప్పవలసినవాడు ఫొటోగ్రాఫరే. అయితే పలుకకపోవుటకు కారణమేమో విచారింపవలెను గదా. వీనిలో పెక్కు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములతో పనిచేయును. ఆ తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. నీరు దానిని పీల్చుకొనును. మనుష్యదేహములో అధికభాగము నీరే గనుక, నడుము ఎత్తున పెట్టిన రిసీవరుకును కెమెరాకును నడుమ నూరుగురు నిలిచినచో సంకేతము నలిగిపోవును. స్టాండును ఏడెనిమిదడుగుల ఎత్తునకు లేపిన జనముపైనుండి దారి దొరకును. రేకుల షెడ్డులో తరంగములు ప్రతిఫలించి ఒక చోట కొట్టివేసికొనును. అప్పుడు స్టాండును అడుగు ప్రక్కకు జరుపుటయే చికిత్స. వైఫై రద్దీ పట్టణపు ఫంక్షన్ హాళ్ల బాధ. అడవియంచు పందిట అది స్వల్పము, ఉన్నను ఛానలు మార్చుకొనవచ్చును. కొన్ని ట్రిగ్గర్లలో అతిసమీపమున వాడుటకు ప్రత్యేకమైన అమరికయే యున్నది, దానిని తెఱచి చూచినవారు అరుదు. అన్నింటికంటె పెద్ద దోషము నీరసించిన బ్యాటరీలది. అది రేడియో దోషము కాదు. ఈ తరంగములకు లైసెన్సు కావలెనను జంకును అనవసరము. 2005 నుండి మన దేశమున స్వల్పశక్తి పరికరములకు ఈ పట్టీలో మినహాయింపు కలదు.

ఫ్లాష్ కృత్రిమమనువారికి ఒక్క మాట. 1940లలో మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పాపికొండల రెడ్లనడుమ తిరిగి వారి జీవితమును గ్రంథస్థము చేసి, ఛాయాచిత్రములు తీసెను. అంతటి పరిశీలకునికి అడవిలోని యెండయే దీపమైనది, దాని దిక్కును గమనించి మనిషిని నిలుపుకొను వ్యవధియు నుండెను. అర్ధరాత్రి ముహూర్తమున సూర్యుడు లేడు, పురోహితు డాగడు. కనుకనే ఆ ప్రక్కవెలుగును మనమే తెచ్చి నిలుపవలెను. గర్భగుడిలోను, వన్యమృగముల యెదుటను, వలదన్నవారి కొలువులోను ఫ్లాష్‌ను ఆర్పివేయుట మర్యాద. దానిని ఎవరును కాదనరు.

కావున పెండ్లి కుదుర్చుకొను పెద్దలకు నాదొక విన్నపము. ఫొటోగ్రాఫరుతో బేరము కుదుర్చుకొనునప్పుడు ఆల్బములో పుట లెన్ని, డ్రోను ఉన్నదా లేదా యని అడుగుటకు ముందు, మా పిల్ల ముఖముపై వెలుగు ఏ ప్రక్కనుండి పెట్టుదువు, ఆమె మేనిచాయను ఉన్నదున్నట్లుగా ఇత్తువా యని అడుగుడు. కెమెరా పట్టిన సోదరులారా, మీరు లెన్సుపై వెచ్చించు ధనములో స్వల్పభాగముతో ఒక ట్రిగ్గరు, ఒక స్టాండు, ఒక తెల్లని గొడుగు వచ్చును. ఈ మాఘమాసపు ముహూర్తములకు ముందే తెచ్చుకొని, మీ యింటివారి ముఖములపై అభ్యసింపుడు.