గుడ్డిగుర్రానికి పళ్ళు తోమాల్సిందే

పనీపాటా లేకుండా కూర్చున్నవాణ్ణి మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏం చేస్తున్నావురా, గుడ్డిగుర్రాలకి పళ్ళు తోముతున్నావా?" అంతకన్నా పనికిమాలిన పని లోకంలో లేదని దాని అర్థం. గుర్రానికి పళ్ళు తోమడమే దండగ, అందులోనూ అది గుడ్డిది.

నిజానికి గుర్రం పళ్ళకి మనిషి చెయ్యి పడాల్సిన అవసరం చాలానే ఉంది. ఆ పళ్ళు ఏళ్ళ తరబడి చిగుళ్ళలోంచి పైకి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలీ నమిలీ అరుగుతూనే ఉంటాయి. ఆ అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్నీ నాలుకనీ కోస్తాయి. అందుకే ఏడాదికొకసారైనా పశువైద్యుడి చేత నోరు తెరిపించి చూపించాలి, ఆ అంచుల్ని ఆకురాయితో అరగదీయించాలి. లేకపోతే నమిలిన మేత నోట్లోంచి ఉండలుగా కింద పడిపోతుంది, డొక్కలు లోపలికి పోతాయి. అప్పుడు యజమాని మనతో అంటాడు, "ఏంటోనండీ, ఎంత పెట్టినా దీనికి ఒంటికి పట్టదు."

నా తగాదా ఈ యజమానితో. కొరడా పట్టుకున్నవాడితో కాదు. కొరడా దెబ్బ అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ తీసి వీడియో అయినా తీస్తారు. ఏమీ చెయ్యని యజమానిని ఎవరూ వీడియో తియ్యరు. నీళ్ళు పెట్టకపోవడం ఫొటోలో పడదు. గిట్టలు కత్తిరించకపోవడం, పుండు మీద జీను వెయ్యడం, ఒంటరిగా నెలల తరబడి ఒకే గుంజకి కట్టెయ్యడం... ఇవేవీ చూసేవాడికి నేరాల్లా కనపడవు. "పాపం, ఉన్నంతలో చూసుకుంటున్నాడు" అనేసి ముందుకెళ్ళిపోతాం.

మనకింకో సామెత ఉంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందట. ఆఫీసుల్లో మేనేజర్లకీ, ఇళ్ళల్లో నాన్నలకీ ఇష్టమైన సామెత. గుర్రాన్ని దొంగని చేసి, రౌతుని మెత్తటి అమాయకుణ్ణి చేసింది. ఒక్కసారి ఆ మూడు కాళ్ళ గుర్రం వైపు నుంచి చూడండి. గుర్రం నాలుగో కాలు నేల మీద మోపట్లేదంటే చాలాసార్లు గిట్ట లోపల చీము పట్టి ఉంటుంది. లేదా లాడం మేకు మెత్తటి చోట దిగి ఉంటుంది. లేదా కీలు వాచి ఉంటుంది. గుర్రానికి మనలాగా మెడికల్ లీవు కోసం కుంటడం రాదు. అది వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. గుంపులో కుంటుతున్నదాన్నే తోడేలు ముందు ఎంచుకుంటుంది కాబట్టి నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కుక్కలా కుయ్యోమనదు. నొప్పి బయటపడేసరికి ఆ నొప్పి ఎప్పుడో ముదిరిపోయి ఉంటుంది. గుర్రం చెప్పదు కాబట్టి యజమాని చూడాలి. రోజూ చూడాలి. యజమాని అన్న మాటకి ఇంతకుమించి అర్థం లేదు.

ఏం చూడాలి? లెక్కలు చెప్తాను, ఎందుకంటే ప్రేమ గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, లెక్క దగ్గరే దొరికిపోతాం.

గుర్రం ఆవులా నెమరు వెయ్యదు. దాని కడుపు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. బయట వదిలేస్తే రోజులో 16 గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూ గడిపే జంతువది. అలాంటిదానికి పొద్దున ఒక బకెట్ ఉలవలు, రాత్రి ఒక బకెట్ ఉలవలు పెట్టి, మధ్యలో గడ్డిపరక లేకుండా నిలబెడితే కడుపులో పుళ్ళు పడతాయి. ఉలవలు గుర్రానికి బలమని మనందరి నమ్మకం. కానీ దాని ఆహారం గడ్డి. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకి 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి కావాలి. నీళ్ళు 25 నుంచి 40 లీటర్లు, మన ఎండల్లో పని చేయిస్తే ఇంకా ఎక్కువ. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కుళ్ళిన పెళ్ళిభోజనం మిగుళ్ళు పెడితే అది పేగుల్లోంచే పోవాలి, లేదా ప్రాణమే పోవాలి.

గిట్టలు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కత్తిరించాలి, లాడాలు మార్చాలి. గుర్రం నిలబడి నిద్రపోతుందని అందరికీ తెలుసు. గాఢనిద్ర కోసం రోజూ కాసేపు పడుకోవాలన్నది చాలామందికి తెలీదు. పడుకోవాలంటే పొడినేల కావాలి, భయం లేని చోటు కావాలి, మెడ కిందికి దించగలిగేంత పొడుగు తాడు కావాలి. పక్కన ఇంకో గుర్రం ఉండాలి, ఎందుకంటే ఒకటి పడుకుంటే ఇంకోటి కాపలా కాస్తుంది. ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, రోజూ కొంత నడక. ఇవన్నీ 25 నుంచి 30 ఏళ్ళ పాటు. గుర్రం అంతకాలం బతుకుతుంది.

ఇప్పుడు చెప్పండి, మన చుట్టూ ఉన్న గుర్రాల యజమానుల్లో ఈ లెక్కకి నిలబడేవాళ్ళెందరు?

ఈ మాట అనగానే అందరి కళ్ళూ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే కుర్రాడి మీదకి పోతాయి. ముందు ఫామ్‌హౌస్‌కి వెళ్దాం. నగరం చుట్టూ ఫామ్‌హౌసులు పెరిగినకొద్దీ గేటు లోపల గుర్రం ఒక హోదా అయ్యింది. లోపలికి వంపు తిరిగి కొసలు తాకే చెవుల మార్వారీ గుర్రమైతే మరీను. దాని మీద కూర్చుని నాలుగు రీల్స్, బంధువుల పిల్లలకి రెండు రౌండ్లు. ఆదివారం సాయంత్రం కార్లు వెళ్ళిపోయాక ఆ గుర్రం వాచ్‌మన్ బాధ్యత. ఆయనకి తోటపనీ ఉంది, మోటారుపనీ ఉంది. గుర్రం గురించి ఎవరూ ఏమీ నేర్పలేదు. గిట్టలు పెరిగి చెప్పుల్లా ముందుకు వంగిపోయినా ఫొటోలో నడుం పైభాగమే కదా పడేది. ఈ యజమానికి డబ్బు లేదనే సాకు లేదు, తెలీదనే సాకూ లేదు. కారు సర్వీసింగు తేదీ తప్పడు. బీచ్ కుర్రాడి కన్నా ముందు నిలదీయాల్సింది ఈయన్ని.

తర్వాత పెళ్ళిళ్ళు. సంగీత్, మెహెందీ వచ్చిన దారినే బరాత్ గుర్రం కూడా చాలా తెలుగు పెళ్ళిళ్ళలోకి వచ్చేసింది. చెవుల పక్కన డీజే, కాళ్ళ మధ్య టపాసులు, కళ్ళల్లోకి లైట్లు. ప్రతి చప్పుడుకీ పారిపొమ్మని ఒళ్ళంతా చెప్పే జంతువుని రెండు గంటలు అక్కడే నిలబెట్టే సాధనం దాని నోట్లో ఉంటుంది. ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి నియమాలు చెప్తున్నాయి. ఊరేగింపు గుర్రాన్ని అద్దెకి మాట్లాడేటప్పుడు రంగు అడుగుతాం, అలంకారం అడుగుతాం. నోట్లో ఏముందని అడిగినవాళ్ళని చూశారా?

ఆ నియమాలే ఇంకొన్ని చెప్తాయి. బండి లాగే, బరువు మోసే జంతువు చేత రోజుకి 9 గంటలు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 5 గంటలు మించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు చేయించకూడదు. పొట్టిగుర్రం వీపు మీద 70 కిలోలకి మించి మూట వెయ్యకూడదు. పెళ్ళికొడుకు మూట కాడు కాబట్టి ఆయన్నీ, షేర్వానీనీ, ముందు కూర్చోబెట్టిన మేనల్లుణ్ణీ ఎవరూ తూకం వెయ్యరు.

చట్టం చెప్పని విషయమంటూ ఏమీ లేదు. జంతువుకి చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ చెప్తోంది. ఆకలితో మాడేలా వదిలెయ్యడం కూడా నేరమే. సీజన్ అయిపోగానే గుర్రాన్ని రోడ్డు మీదకి తోలేసి, చెత్తకుండీలో ప్లాస్టిక్ తింటుంటే చూడనట్టుండేవాళ్ళు దీన్ని చదువుకోవచ్చు. మొదటిసారి దొరికితే జరిమానా ఎంతనుకున్నారు? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. పార్కింగ్ టికెట్టు ఇంతకన్నా ఖరీదు. చట్టం రాసి 60 ఏళ్ళు దాటినా ఆ అంకె కదల్లేదు.

అదే చట్టంలో 3వ సెక్షన్ మాత్రం నాకు చాలా ఇష్టం. జంతువు ఎవరి సంరక్షణలో ఉందో, ఎవరి అధీనంలో ఉందో వాళ్ళందరి మీదా దాని క్షేమం చూసే బాధ్యత పెట్టింది. యజమాని అని మాత్రమే అనలేదు. రెండు గంటలకి అద్దెకి తీసుకున్నారా, ఆ రెండు గంటల యజమాని మీరే అని నేను దాన్ని చదువుకుంటాను. కేదార్‌నాథ్ కొండ మీదకి కంచరగాడిదనో గుర్రాన్నో ఎక్కి వెళ్ళే మన తెలుగు యాత్రికులకీ ఇదే వర్తిస్తుంది. ఆ దారిలో పడి చచ్చిపోయిన జంతువుల గురించి దాదాపు ప్రతి యాత్రా సీజన్లోనూ వార్తలు వస్తూనే ఉన్నాయి. పుణ్యం మీదీ, అలుపు దానిదీ.

2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరికి 57 గుర్రాల్ని తరలించారు. కొద్ది రోజుల్లోనే వాటిలో కొన్ని చనిపోయాయి, తర్వాత ఇంకొన్ని. సంగతి మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. నన్ను కలవరపెట్టింది మన మౌనం. ఆ గుర్రాలు బయల్దేరింది మన ఊరి నుంచి. 2016లో డెహ్రాడూన్‌లో శక్తిమాన్ అనే పోలీసు గుర్రం కాలు విరిగి చనిపోతే దేశమంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దానికి పేరుంది, టీవీలో మొహం ఉంది. పేరు లేని గుర్రాల కోసం ఏడవడం మనకింకా అలవాటు కాలేదు.

పేదవాడి పొట్ట కొడతారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2015లో బొంబాయి హైకోర్టు విక్టోరియా గుర్రబ్బండ్ల షికార్లు చట్టవిరుద్ధమంది. ఆపెయ్యడానికి ఏడాది గడువిచ్చి, వాటి మీద బతికే కుటుంబాల పునరావాసం చూడమని ప్రభుత్వానికి చెప్పింది. దారి అది. పేదరికాన్ని తీర్చాల్సింది ప్రభుత్వం, ఆకలితో ఉన్న గుర్రం కాదు. పేదవాడి గుర్రానికి ఉచిత వైద్యం, లాడాలు కొట్టే మనిషి, నీళ్ళతొట్టి ఇమ్మని అడుగుదాం. వాటి బదులు అతని గుర్రం డొక్కల వైపు చూడకుండా ఉండడం అతని మీద దయ కాదు.

ఇంకో ప్రశ్న ఇంతకన్నా బరువైనది. దళిత వరుడు గుర్రమెక్కితే రాళ్ళు వేసే ఊళ్ళున్న దేశంలో, ఆ గుర్రం మీద కూర్చోవడం ఆత్మగౌరవం కాదా? అవును. ఒక్కడు ఎక్కే హక్కున్నంతకాలం అందరికీ ఆ హక్కుండాలి, ఇందులో బేరం లేదు. రాళ్ళు వేసేవాళ్ళు గుర్రం మీద ప్రేమతో వెయ్యట్లేదు. వాళ్ళ చేతికి నా వాదాన్ని అందనివ్వను. గుర్రం బాగోగుల నియమం అందరి ఊరేగింపులకీ ఒకటే. ముందుగా ఆపాల్సింది, ఎక్కడానికి ఏనాడూ ఎవరి అనుమతీ అక్కర్లేనివాళ్ళు.

గుర్రాల సంరక్షణ మనకి కొత్తగా ఎవరో నేర్పాల్సిన విషయం కూడా కాదు. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణవిలాసమని గుర్రాల మీద ఒక కావ్యమే రాశాడు. విరాటుడి కొలువులో నకులుడు చేసింది గుర్రాల చాకిరీ. ఇక ద్రోణపర్వంలో, సూర్యాస్తమయం లోపు సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం చేసిన మర్నాటి రోజు గుర్తుందా? ఒక్కో క్షణం ప్రాణంతో సమానమైన ఆ రోజు, శత్రుసైన్యం నడుమ కృష్ణార్జునులు రథం ఆపారు. కారణం, గుర్రాలు అలిసిపోయాయి. అర్జునుడు బాణంతో నేల చీల్చి మడుగు పుట్టించి కాపలా నిలబడ్డాడు. కృష్ణుడు గుర్రాల్ని విప్పి, గుచ్చుకున్న బాణాలు పీకి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించాడు. కురుక్షేత్రంలో దొరికిన విరామం ఫంక్షన్ హాలు ముందు దొరకట్లేదు.

కాబట్టి రేపు మీ స్నేహితుడి పెళ్ళిలో గుర్రం వస్తే, ఫొటో దిగే ముందు కిందికి చూడండి. గిట్టలు చీలి ఉన్నాయా, ఒక కాలు పదేపదే ఎత్తి పెడుతోందా? పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టగలుగుతున్నారా? కళ్ళెం దగ్గర నెత్తురుందా? నీళ్ళు ఎప్పుడు పెట్టారో అడగండి. జవాబు నచ్చకపోతే పెళ్ళికొడుకుని నడిపించండి, కాళ్ళకేం కాదు. బుక్ చేసేది మీరే అయితే అసలు బుక్ చెయ్యకండి. కొనాలనుకుంటున్న మిత్రుడుంటే పైన చెప్పిన లెక్కంతా కాగితం మీద వేసి, 25 ఏళ్ళతో హెచ్చవేసి చేతికివ్వండి. మొయ్యగలనంటే కొననివ్వండి.

మొయ్యలేనివాడు దాన్ని, చూసుకోగలిగినవాళ్ళ చేతికి ఇవాళే అప్పగించాలి. అది పరిగెత్తినా పరిగెత్తకపోయినా, కళ్ళు ఉన్నా పోయినా, దాని గడ్డీ నీళ్ళూ పళ్ళూ గిట్టలూ యజమాని బాకీ. బాకీ తీర్చనివాణ్ణి మన ఊళ్ళో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.