ఒకే వైరస్.. మనవడికి జలుబు, దాదీకి ఆక్సిజన్ ఎందుకు?

ఇంట్లో చిన్నోడికి జలుబు చేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అదే దాదీకి అంటుకుంటే ఒక్కోసారి ఐసీయూ దాకా వెళ్తుంది. కరోనా టైంలో ఈ తేడా మనమంతా కళ్లారా చూశాం. వైరస్ ఒక్కటే కదా, మరి ఎందుకిలా?

జవాబు వయసులో ఉంది. వైరస్‌తో పోరాడే టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. ఒంట్లో తొలి హెచ్చరిక పంపే ఇంటర్‌ఫెరాన్ కూడా ఆలస్యమవుతుంది. పైగా పెద్ద వయసులో లోపల సన్నటి వాపు ఎప్పుడూ ఉంటుంది. షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. అంటే రక్షణ లేటుగా మొదలవుతుంది, మొదలయ్యాక అదుపు తప్పుతుంది. ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీసేది ఆ వాపే.

అందుకే వైద్యంలో సమయమే కీలకం. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. వాపును తగ్గించే డెక్సామెథసోన్ సంగతి దీనికి రివర్స్. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల మరణాలను ఈ చవక మందు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభం కనిపించలేదు. అయినా మన దగ్గర చాలామంది జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగారు. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి అదుపులో లేని షుగర్‌తో పాటు ఈ విచ్చలవిడి వాడకం కూడా కారణమే.

మరి వయసు ప్రభావాన్నే తగ్గించే మందు? ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ ఆర్‌టీబీ101 అనే మందు 2019లో పెద్దవాళ్ల మీద జరిగిన చివరి దశ పరీక్షలో ఫెయిలైంది. ప్రస్తుతానికి నమ్మదగినది టీకానే. 65 దాటినవాళ్ల కోసం నాలుగు రెట్లు మోతాదున్న ఫ్లూ టీకా తయారుచేయడానికి కారణం కూడా వాళ్ల రక్షణ బలహీనపడటమే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లకు జ్వరం రాకపోవచ్చు. అన్నం తినకపోవడం, మగతగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే "వయసైపోయింది లే" అనుకోవద్దు. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే మెడికల్ షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.