పైన రాస్తే అంతటా వర్తించదు

"హెచ్‌టీటీపీ బ్లాకులో పెట్టేయండి, కింద అన్నిటికీ అదే వర్తిస్తుంది." మొన్న ఒక సమావేశంలో తలపండిన ఇంజినీరొకాయన ఈ మాట అన్నారు. అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. వెబ్ సర్వర్ల దగ్గర ఇంత ధీమాగా చలామణీ అయ్యే అబద్ధం మరొకటి లేదు.

ఎన్జిన్‌ఎక్స్‌లో పై బ్లాకులో భద్రత కోసం నాలుగైదు యాడ్‌ హెడర్ ఆదేశాలు రాశారనుకోండి. కింద ఒక లొకేషన్‌లో ఎవరో క్యాషింగ్ కోసం ఒకే ఒక్క యాడ్‌ హెడర్ చేరుస్తారు. అంతే, పైవన్నీ ఆ లొకేషన్‌కు రద్దు. ఆ స్థాయిలో యాడ్‌ హెడర్ ఒక్కటీ లేనప్పుడే పైవి కిందికి దిగుతాయని అధికారిక పత్రాల్లోనే ఉంది. చదివేదెవరు? ప్రాక్సీ సెట్ హెడర్‌దీ ఇదే తీరు. కింద ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ ఒక్కటి చేర్చారా, పైన రాసిన హోస్ట్ హెడర్ ఎగిరిపోతుంది. వెనకున్న అప్లికేషన్‌కు సైటు పేరు బదులు ప్రాక్సీ పాస్‌లో రాసిన పేరు చేరుతుంది. ఇక లాగిన్ లింకులు ఎక్కడికో పోతుంటే అప్లికేషన్ రాసినవాణ్ని నిలదీస్తారు. తప్పు ఒకరిది, అర్ధరాత్రి జాగారం మరొకరిది!

పైగా యాడ్‌ హెడర్ చివర ఆల్వేజ్ అని రాయకపోతే 404, 500 జవాబులకు ఆ హెడర్ అంటదు. 1.29.3 నుంచి పైవాటిని, కిందివాటిని కలిపే ఆదేశం వచ్చింది నిజమే. దాన్నీ మనమే రాయాలి, దానంతటది జరగదు.

"సింటాక్స్ ఓకే అని వచ్చిందిగా" అంటారు. ఆ పరీక్ష చూసేది వ్యాకరణం. ఏ అభ్యర్థనకు ఏ ఆదేశం తగులుతుందో అది చెప్పదు.

అపాచీలోనైతే పైన, కింద అన్న లెక్కే వేరు. డైరెక్టరీ విభాగాలు, హెచ్‌టీయాక్సెస్ ముందు; తర్వాత ఫైల్స్, ఆపైన లొకేషన్, చివర ఇఫ్. డైరెక్టరీలో అందరినీ ఆపేసి, ఎక్కడో లొకేషన్‌లో మొత్తం సైటుకు అందరికీ అనుమతి అని రాస్తే, ఫైల్లో ఏది ముందున్నా తలుపు బార్లా తెరిచినట్టే. ప్రధాన సర్వర్‌లో రాసిన రీరైట్ నియమాలు వర్చువల్ హోస్టులకు వాటంతటవి దిగవు. ఇక హెచ్‌టీయాక్సెస్: 2.3.9 నుంచి అలౌ ఓవర్‌రైడ్ సహజంగా నన్ అయి ఉంటుంది. ఫైలు పెట్టినా సర్వర్ పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు. అప్పుడు మనవాళ్లు చేసేదేమిటి? అలౌ ఓవర్‌రైడ్ ఆల్ అని తెరిచేస్తారు. ఇది మరమ్మతు కాదు, బాధ్యత వదిలేయడం.

"మా దగ్గర బాగానే నడుస్తోంది" అనే వాదనకు జవాబు కూడా అనవసరం.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఎన్జిన్‌ఎక్స్‌ను పెద్ద టీ ఆప్షన్‌తో నడిపి ఇంక్లూడ్‌లన్నీ కలిసిన పూర్తి కాన్ఫిగ్ చదవండి. అపాచీ కంట్రోల్‌ను పెద్ద ఎస్‌తో నడిపి ఏ హోస్ట్ ఎవరిదో చూడండి. ప్రతి లొకేషన్‌నూ, 404 పేజీనీ కర్ల్‌తో అడిగి హెడర్లు సరిచూడండి. జవాబులో కనిపించని హెడర్, కాన్ఫిగ్‌లో ఎంత పైన రాసి ఉన్నా, లేనట్టే.