ఫ్లోరైడ్‌కి ఉంగరం ఉచ్చు!

మార్కాపురం అంటే పలకలు. గిద్దలూరు అంటే నల్లమల. కానీ పశ్చిమ ప్రకాశం వాళ్లని కదిపితే ముందుగా వచ్చే మాట... నీళ్లు! బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు. పడినా అవి తాగొచ్చో లేదో తెలియదు. ఎందుకంటే చాలా ఊళ్లలో తేటగా కనిపించే ఆ నీళ్లలోనే ఫ్లోరైడ్ దాక్కుని ఉంటుంది. దానికి రంగుండదు, వాసనుండదు. భూమి లోపలి రాళ్లలోంచి కొద్దికొద్దిగా కరిగి నీటిలో చేరుతుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి. పెద్దయ్యాక కీళ్లు బిగుసుకుపోతాయి, నడుం వంగిపోతుంది. మరగకాస్తే పోతుందిలే అనుకుంటారు చాలామంది. పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇది నిన్నమొన్నటి బాధ కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికలో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే.

పట్టుకుంటే చాలదు

ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతులు లేకపోలేదు. నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందించిన 'నల్గొండ టెక్నిక్'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. చవకైన పనే. కానీ ఆ మడ్డిని రోజూ ఎక్కడ పారబోయాలి? అందుకే రసాయన శాస్త్రవేత్తలకు మరో ఆలోచన వచ్చింది. ఫ్లోరైడ్‌ను పట్టుకుని, తర్వాత వదిలేసి, మళ్లీ పనికొచ్చే పదార్థం ఉంటే?

గిన్నెలా మారే ఉంగరం

అలాంటిది 1886లోనే పుట్టింది. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ పిరోల్, అసిటోన్ అనే రెండు ద్రవాలను ఆమ్లంతో కలిపితే తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. నాలుగు పిరోల్‌లు గుండ్రంగా చేతులు కలిపిన ఉంగరం అది. పేరు కాలిక్స్‌పిరోల్. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్, ఆకుకి పచ్చదనాన్నిచ్చే పత్రహరితం దీనికి దూరపు చుట్టాలే.

దాని అసలు పనితనం బయటపడటానికి మాత్రం 110 ఏళ్లు పట్టింది. 1996లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ సెస్లర్ బృందం ఆ ఉంగరానికి ఫ్లోరైడ్ అంటే ప్రత్యేకమైన ఇష్టమని కనిపెట్టింది. ఫ్లోరైడ్ దగ్గరికి రాగానే ఉంగరం గిన్నెలా ముడుచుకుంటుంది. నాలుగువైపుల నుంచీ హైడ్రోజన్ బంధాలతో దాన్ని పట్టుకుంటుంది. ఈ బంధాలు గట్టి ముడులు కావు, జారుముడుల్లాంటివి. పరిస్థితి మారిస్తే విడిపోతాయి.

చేతులు పట్టుకుంటే గొలుసు

ప్లాస్టిక్ బకెట్‌లోని అణువుల గొలుసు ఒకసారి అతుక్కుంటే అంతే. అలా కాకుండా అణువులు వాటంతటవే బలహీన బంధాలతో చేతులు పట్టుకుని గొలుసు కడితే దాన్ని 'సుప్రామాలిక్యులర్ పాలిమర్' అంటారు. రైలాట ఆడే పిల్లల్లాగన్నమాట! కావాలంటే కలుస్తాయి, వద్దంటే విడిపోతాయి. ఈ శాస్త్రానికి పునాది వేసిన పెడర్సన్, క్రామ్, లేన్‌లకు 1987లో నోబెల్ బహుమతి దక్కింది. కాలిక్స్‌పిరోల్ ఉంగరాలకు తగిన కొక్కేలు తగిలిస్తే అవీ ఇలాంటి గొలుసులు కడతాయి. మరో దారిలో, మామూలు పాలిమర్‌కే ఈ ఉంగరాలను వేలాడదీసి, నీటిలోని పొటాషియం ఫ్లోరైడ్‌ను మరో ద్రావకంలోకి లాగొచ్చని సెస్లర్ బృందం 2008లో చూపించింది.

బిందె దాకా రావాలంటే...

చిక్కల్లా నీటితోనే. ఫ్లోరైడ్‌ను నీటి అణువులు గట్టిగా కావలించుకుని ఉంటాయి. ఆ కౌగిలి విడిపించి లాక్కోవడం ఉంగరానికి తేలిక కాదు. పైగా ఊరంతటికీ సరిపడా తయారు చేయాలంటే ఖర్చూ ఎక్కువే. ప్రయోగశాలలో ద్రావకంలోకి లాగడం వేరు, వంటింట్లో బిందెడు నీళ్లు శుద్ధి చేయడం వేరు.

అందాకా చేయాల్సినవి చేతిలోనే ఉన్నాయి. తాగే బోరు నీటిని పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ నీళ్లు స్నానానికీ బట్టలకీ వాడుకుని, తాగడానికీ వంటకీ శుద్ధి చేసినవో, నదీజలాలో తెచ్చుకోవాలి. పిల్లలకి పాలు, పెరుగు, రాగులు, ఉసిరి పెట్టాలి. కృష్ణా నీటిని ఈ ఊళ్లకు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు తాగునీరివ్వడమూ ఒకటి. ఉంగరం వచ్చేదాకా ఆగమని ఎదిగే పిల్లల ఎముకలకు చెప్పలేం కదా!