ఇళ్ళు కట్టించిన పంతులు గారు

మనవాళ్ళు అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న "తూర్పు ముఖమేనా?" రెండోది స్కూలు ఎలాంటిదని, మూడోది వడ్డీ రేటు ఎంతని. ఆ ఇంటి నమూనా గీసిందెవరని అడిగేవారు అరుదు. గీసినవారికి గీయడం నేర్పిందెవరని ఎవరూ అడగరు. డాక్టర్లకు, ఇంజనీర్లకు ఉన్నట్టే ఆర్కిటెక్టులకూ గురువులుంటారు కదా! ఈసారి మన శీర్షికలో అలాంటి ఒక గురువును తలచుకుందాం.

ఆయన పేరు శామ్యూల్ మాక్‌బీ. 1944లో మిసిసిపి రాష్ట్రంలోని మెరిడియన్‌లో పుట్టారు. ఆర్కిటెక్టుగా పేరు తెచ్చుకున్న తరువాత అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ ఒక లోటు ఆయనకు కనిపించింది. విద్యార్థులు ఏళ్ళ తరబడి కాగితాల మీద గీస్తారు, అట్టలతో బొమ్మ ఇళ్ళు చేస్తారు, పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు గీసిన ఇంట్లో ఒక్క మనిషీ కాపురం ఉండడు. వాన వస్తే ఆ కప్పు కారుతుందో లేదో వాళ్ళకు తెలిసే అవకాశమే లేదు.

అందుకని 1993లో తన సహోద్యోగి డి.కె. రూత్‌తో కలిసి ఆయన 'రూరల్ స్టూడియో' ప్రారంభించారు. క్యాంపస్ నుంచి కారులో రెండు గంటలకు పైగా ప్రయాణం చేస్తే హేల్ కౌంటీ వస్తుంది. అలబామాలోని బాగా పేద ప్రాంతాల్లో అదొకటి. విద్యార్థులు అక్కడే మకాం పెట్టి, ఆ ఊళ్ళవారితో మాట్లాడి, వాళ్ళకు కావలసిన ఇంటిని గీసి, తమ చేతులతోనే కట్టాలి. అదే క్లాసు, అదే పరీక్ష!

మొదటి ఇల్లు 1994లో పూర్తయింది. మనవళ్ళను పెంచుకుంటున్న ఒక వృద్ధ దంపతుల కోసం గడ్డి మోపులను ఇటుకల్లా పేర్చి, పైన పూత పూసి గోడలు కట్టారు. మోపులు మందంగా ఉంటాయి కనుక ఎండా చలీ లోపలికి రావు. ఇంటి పెద్దాయనకు చేపలు పొగబెట్టుకునే అలవాటు ఉందని తెలిసి, పగిలిన కాంక్రీటు ముక్కలతో, గాజు సీసాలతో పక్కనే ఒక చిన్న గది కూడా కట్టారు. దాని సామానుకు అయిన ఖర్చు చాలా తక్కువ. 2000లో కట్టిన ఒక సామాజిక భవనానికి పాత షెవర్లే కార్ల అద్దాలే పైకప్పు. ఖర్చు తగ్గించాలని చేసినవే అయినా, వీటిని చూడటానికి దేశ విదేశాల నుంచి ఆర్కిటెక్టులు ఆ పల్లెకు వచ్చారు. పేదవారి ఇల్లు కూడా అందంగా ఉండాలన్నది మాక్‌బీ పట్టుదల.

2000లో ఆయనకు మాక్ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. అప్పటికే రక్త క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. 2001 డిసెంబరులో 57 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ తన అత్యున్నత పురస్కారమైన బంగారు పతకాన్ని 2004లో ఇచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

కానీ స్టూడియో ఆగలేదు. ఆండ్రూ ఫ్రియర్ దాని బాధ్యత తీసుకున్నారు. 2005 నుంచి విద్యార్థులు కూలితో సహా 20 వేల డాలర్లలో ఒక ఇల్లు కట్టడం ఎలాగో పరిశోధిస్తూ వచ్చారు. సోషల్ సెక్యూరిటీ చెక్కు మీదే బ్రతికేవారు తీర్చగల అప్పు అంతే అని లెక్క వేసి ఆ అంకె పెట్టుకున్నారు. ఇప్పటికి 200కు పైగా నిర్మాణాలు చేశారు, వెయ్యిమందికి పైగా విద్యార్థులు అక్కడ చదువుకున్నారు. గురువుకు పతకం కన్నా పెద్ద గౌరవం ఇదే అనిపిస్తుంది.

మన దేశంలో బాలకృష్ణ దోషీ గారిదీ గురుస్థానమే. 1962లో అహ్మదాబాదులో ఆర్కిటెక్చర్ కళాశాల స్థాపించి తరాల విద్యార్థులను తీర్చిదిద్దారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. అప్పటికి ఆయనకు 90 ఏళ్ళు. 2023లో మరణించారు. ఆ గౌరవం ఆయన బ్రతికుండగా అందినందుకు సంతోషించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయో అబ్బాయో "నేను ఆర్కిటెక్చర్ చదువుతాను" అంటే వెంటనే "ఉద్యోగాలుంటాయా?" అని అడుగుతాం. అడగండి, తప్పు లేదు. దానితోపాటు "అక్కడ పాఠం చెప్పేదెవరు? చేతులతో ఏం చేయిస్తారు?" అని కూడా అడగండి. కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు విద్యార్థులు పనిచేసే స్టూడియోలోకి తొంగి చూడండి.

పిల్లలూ, మీకూ ఒక పని. మీకు బొమ్మ గీయడమో, చెక్క కోయడమో, లెక్క చేయడమో నేర్పిన టీచరు ఒకరుంటారు. ఈ వారంలోనే వారికి నాలుగు వాక్యాలు రాయండి. ఏం నేర్పారో, అది మీకు ఎక్కడ పనికొచ్చిందో చెప్పండి. పతకాలు ఇచ్చే సంస్థలు ఆలస్యం చేస్తే మనం చేయగలిగింది లేదు. ఉత్తరం రాయడం మాత్రం మన చేతిలోనే ఉంది.