రాయి ఎక్కే బండి, షెడ్డులో మన బిడ్డ



"మావాడు ఇంటర్ అయ్యాక ఇక చదవనంటున్నాడు భాయ్. జీపుల షెడ్డులో పనికి పోతాడట. వాళ్ల అబ్బా ఖాందాన్ ఇజ్జత్ పోతుందని గుస్సా మీదున్నారు. జర మీరైనా సమ్‌ఝాయించండి" అని మా జవహర్‌నగర్‌లో ఒక ఆపా అడిగారు. జర్నలిస్టును కదా, నాలుగు మంచి మాటలు చెప్పి కుర్రాణ్ణి కాలేజీకి మళ్లిస్తానని ఆమె ఉమ్మీద్. నేను మాత్రం పంపించమన్నాను. అయితే మూడు షర్తులు పెట్టమన్నాను. ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది కాబట్టి నా మష్వరా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ షెడ్డులో ఏం పని జరుగుతుందో చూడాలి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల చుట్టూ లేత్ పనివాళ్లు, వెల్డింగ్ మిస్త్రీలు, కమాన్ పట్టీలు బిగించేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లలో మనవాళ్లూ తక్కువేం కాదు. ఇప్పుడు కొందరి చేతికి ఒక కొత్త షౌఖ్ బళ్లు వస్తున్నాయి. పాత జీపునో, జిప్సీనో, థార్‌నో బండరాళ్లు ఎక్కేలా మార్చమంటారు. దీన్నే రాక్ క్రాలింగ్ అంటారు. అమెరికాలో కాలిఫోర్నియా ఎడారిలో 2007 నుంచి కింగ్ ఆఫ్ ద హామర్స్ అనే పోటీ జరుగుతోంది. మన దేశంలో 2014లో గోవాలో రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ మొదలయ్యాక బురదలో, రాళ్లలో బండి నడిపే షౌఖ్ ఇంకా పెరిగింది.

రాళ్ల మీద బండికి వేగంతో పని లేదు. మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఆగకుండా, జారకుండా పాకాలి. దానికో సాదా హిసాబ్ ఉంది. మొదటి గేరు 4, ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 2.5, క్రౌన్ పినియన్ 4 అనుకుందాం. మూడూ గుణిస్తే 40. అంటే ఇంజన్ 40 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే చక్రం తిరిగేది 20 చుట్లే. పెద్ద టైరు వేసినా బండి గంటకు మూడు కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. వేగం ఎంత తగ్గిందో తిప్పే బలం దాదాపు అంత పెరుగుతుంది. ఆ బలమంతా ఒక జాయింట్ నుంచి, ఒక షాఫ్ట్ నుంచి, ఒక వెల్డింగ్ కుట్టు నుంచి పోవాలి. ఏది కమ్‌జోర్‌గా ఉంటే అది విరుగుతుంది. రాక్ క్రాలర్ కట్టడమంటే ఏది ఎక్కడ విరుగుతుందో ముందే ఆలోచించడం.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక షెడ్డుకు పాత జీపు వచ్చింది. ఎత్తు పెంచడానికి యాక్సిల్ కింద ఉండే కమాన్ పట్టీలను యాక్సిల్ మీదికి మార్చారు. బండి గంభీరంగా లేచి నిలబడింది. రోడ్డు మీద సాఫీగా నడిచింది. రాళ్లున్న చోట లో గేరులో ఎక్కించగానే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ పటుక్కున విరిగింది. కొత్తది వేశారు, మళ్లీ విరిగింది. ఇంకా పెద్దది వేశారు. ఈసారి జాయింట్ నిలబడింది, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బేరింగ్ పోయింది. "బదల్ కే దేఖో" అనే పద్ధతి ఇట్లాగే నడుస్తుంది. ప్రతిసారీ ఓనర్ జేబు ఖాళీ అవుతుంది, షెడ్డు పేరు ఖరాబవుతుంది, మర్జ్ మాత్రం అక్కడే ఉంటుంది.

అప్పుడు ఉస్తాద్ పనంతా ఆపించాడు. "టూటా క్యా, వో ఛోడ్. కబ్ టూటా, వో బోల్" అన్నాడు షాగిర్ద్‌తో. ఎప్పుడు విరుగుతోంది? సాఫీ రోడ్డు మీద విరగడం లేదు. కిందికి దిగేటప్పుడు విరగడం లేదు. లో గేరులో బలంగా ఎక్కేటప్పుడే. కుర్రాడు ముందు చక్రాలను పెద్ద రాతికి ఆనించాడు. ఫోన్‌ను పక్క నుంచి వెనక యాక్సిల్ కనబడేలా పెట్టి వీడియో ఆన్ చేశాడు. ఎవరూ బండి కిందికి దూరలేదు. ఉస్తాద్ క్లచ్ కొద్దికొద్దిగా వదిలాడు. వీడియోలో సాఫ్‌గా కనబడింది. చక్రం ముందుకు తిరగాలని జోర్ పెట్టేకొద్దీ యాక్సిల్ వెనక్కి మెలితిరిగి, పినియన్ ముక్కు పైకి లేస్తోంది. పట్టీలు పాములా వంకర పోతున్నాయి. నిలబడిన బండికి కొలిస్తే సరిగ్గా ఉన్న జాయింట్ కోణం, ఎక్కేటప్పుడు హద్దు దాటుతోంది. గలతీ జాయింట్‌ది కాదు. యాక్సిల్‌ను మెలితిరగకుండా పట్టుకునేది ఏదీ అక్కడ లేదు. యాక్సిల్ నుంచి ఛాసిస్‌కు ఒక గట్టి ఆర్మ్ కట్టారు. పట్టీల కదలికకు అడ్డు రాకుండా దాని ముందు కొసను ఊగే షాకిల్‌కు తగిలించారు. ఆ తర్వాత మామూలు సైజు జాయింటే నిలబడింది.

ఆ కుర్రాడు చదివింది పదో తరగతి. కానీ ఆ రోజు అతను చేసింది ఏ డాక్టరో, ఇంజనీరో చేసే పనే. లక్షణం చూశాడు, ఎప్పుడొస్తుందో పట్టుకున్నాడు, ఒక అనుమానం పెట్టుకున్నాడు, దాన్ని పరీక్షించాడు, ఒక్కటే మార్చి ఫలితం చూశాడు. దీన్ని నేను ఇల్మ్ అంటాను. కాలేజీలో మూడేళ్లు కూర్చుని గైడ్లు బట్టీపట్టిన పిల్లలందరికీ ఇది వచ్చిందని మనం ఖసమ్ తిని చెప్పగలమా?

మన ఘరానాల్లో చేతిపనిని తక్కువగా చూడటం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. సూరా సబాలో హజ్రత్ దావూద్ అలైహిస్సలాం చేతిలో ఇనుము మెత్తబడిన ప్రస్తావన ఉంది. కవచాల కడియాలను కొలతతో అల్లాలన్న తాకీదు కూడా అక్కడే ఉంది. ఒక పైగంబర్ ఇనుప పని చేశారని వాజ్‌లో విని సుబ్హానల్లాహ్ అంటాం. ఇంటికొచ్చి, వెల్డింగ్ చేసే అబ్బాయికి రిష్తా ఇవ్వడానికి వెనకాడతాం. ఆ తాకీదులో కొలత మాట మన మిస్త్రీలకు కూడా వర్తిస్తుంది. అందాజాతో వేసిన కుట్టు ఊడితే లోపల కూర్చున్న మనిషి లోయలో ఉంటాడు. షెడ్డుకు వచ్చిన బండి అమానత్, దాంట్లో కూర్చునే ప్రాణం ఇంకా పెద్ద అమానత్.

ఇక కానూన్ సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఈ సజా ఓనర్‌కు రాసి ఉంది. కానీ రేపు ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఏదైనా జరిగితే "ఎవరు చేశారు ఈ పని?" అనే ప్రశ్న షెడ్డు దాకా రాకుండా ఉంటుందా? ఇలాంటి బండిని ట్రైలర్ మీద ఎక్కించుకుని, హక్కుదారు ఇజాజత్ ఉన్న ప్రైవేటు స్థలంలోనే నడపాలి. మన చుట్టూ ఉన్న రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. మౌలాలీ గుట్ట లాంటి చోట్లకు జనం అఖీదత్‌తో ఎక్కుతారు. గుట్ట కనబడిందల్లా టైరు మోపడానికే అనుకోకూడదు.

"ఇది పైసలున్నోళ్ల ఖేల్, మనకెందుకు?" అని కొందరంటారు. ఖేల్ వాళ్లదే, హునర్ మనది. విరిగిన జాయింట్ వెనక అసలు కారణాన్ని పట్టుకున్న చేయి బోర్ లారీకి, ట్రాక్టర్‌కు, అంబులెన్స్‌కు కూడా పనికొస్తుంది. రేపు కరెంటు బళ్లే వచ్చినా, మర్జ్ కనిపెట్టే దిమాగ్‌కు రోజీ ఉంటుంది. పార్టులు మార్చడం మాత్రమే వచ్చినవాడికే కష్టం.

ఇంకో మాట. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులు మలిక్ గులాం ముహమ్మద్‌తో కలిసి పెట్టిన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. తక్సీమ్ తర్వాత ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఈ దేశానికి జీపును అలవాటు చేసింది ఆ కంపెనీయే. బోర్డు మీంచి పోయిన పేరు కూడా తారీఖ్‌లో మిగిలింది, ఎందుకంటే అది కాగజ్ మీద ఉంది. మన మిస్త్రీల పేర్లు ఏ కాగజ్ మీదా లేవు. బండి ఫోటోలో ఓనర్ ఉంటాడు, టైరు కంపెనీ పేరుంటుంది, ఉస్తాద్ ఉండడు.

అందుకే నా మూడు షర్తులు. మొదటిది, సర్టిఫికెట్. షెడ్డుతో పాటు ఐటీఐ కూడా నడవాలి. మల్లేపల్లిలో సర్కారీ ఐటీఐ ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ నడుస్తోంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. పనిలోనే నేర్చుకున్నవాళ్ల తజుర్బాను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కూడా ఉంది.

రెండోది, నోట్‌బుక్. ఏ బండికి ఏ తారీఖున ఏం చేశాడో, ఏ కొలత పెట్టాడో, ఏది విరిగిందో, ఎందుకు విరిగిందో రాయాలి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. ఐదేళ్ల తర్వాత ఆ నోట్‌బుక్కే అతని డిగ్రీ.

మూడోది, "నక్కో" అనే హిమ్మత్. ప్రమాదకరమైన పని చేయమని ఓనర్ ఎంత పైసా చూపించినా కాదని చెప్పగలగాలి. ఆ ఒక్క మాట నేర్పని ఉస్తాద్ దగ్గరికి బిడ్డను పంపకండి. ఆ మాట అన్నందుకు ఆ నెల జీతం తగ్గితే ఇంట్లో ఎవరూ అతన్ని దెప్పకండి.

రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర "ఈరోజు ఎంత తెచ్చావ్ బేటా?" అని అడుగుతాం కదా. దానికన్నా ముందు "ఈరోజు ఏం విరిగింది? ఎందుకు విరిగింది?" అని అడిగి చూడండి. గ్రీజు చేతులు కడుక్కుని వచ్చిన ఆ పిల్లవాడు ఎంతసేపు చెబుతాడో మీకే తెలుస్తుంది.