నోటిలెక్కా, పలకలెక్కా?

మూడో తరగతి పిల్లకి రేపు లెక్కల పరీక్ష అంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. పిల్ల మాట కాదు, పెద్దల మాటే చెబుతున్నాను. నాన్న ఎక్కాలు అప్పజెప్పమంటాడు. అమ్మ తీసివేతలు చేయిస్తుంది. మధ్యలో అమ్మమ్మ, "మా రోజుల్లో పదహారో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం" అని ఒక మాట వేస్తుంది. రెండు రోజులకి బడి నుంచి కాగితం వస్తుంది: ఇరవైకి పదమూడు. ఆ పదమూడు చూసి ఒకరు నిట్టూరుస్తారు, ఒకరు కోప్పడతారు. అది పిల్లను గురించి ఏం చెబుతున్నదని మాత్రం ఎవరూ అడగరు. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

మొదట ఒకటి గుర్తుంచుకోవాలి. నోటిలెక్క వేరు, రాతలెక్క వేరు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిలింనగర్ వైపు వెళితే ఈ సంగతి చక్కగా అర్థమవుతుంది. ఒకవైపు స్టూడియోలు, ఫిలిం ఛాంబరు, పెద్ద పెద్ద మేడలు. ఆ పక్కనే బస్తీలు, కాస్త దిగువన సినిమా పనివాళ్లూ జూనియర్ ఆర్టిస్టులూ కాపురముండే కృష్ణానగర్. ఒకే ఈడు పిల్లలిద్దరిని ఊహించుకోండి. ఒకడు తండ్రి కూరల బండి దగ్గర సాయంత్రాలు నిలబడతాడు. కిలో నలభై రూపాయల టమాటాలు ముప్పాతిక కిలో, కిలో అరవై వంకాయలు పావుకిలో తీసుకుని మీరు రెండువందల నోటు ఇస్తే, సంచీ మీ చేతికి అందేలోగా 155 రూపాయలు తిరిగి ఇచ్చేస్తాడు. అదే కుర్రవాడికి కాగితం మీద 200 లోంచి 45 తీసివేయమంటే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటాడు. మేడలోని అబ్బాయి ఆ తీసివేత కాగితం మీద నీటుగా చేసేస్తాడు. కాని బండి దగ్గర నిలబెడితే ఎంత చిల్లర రావాలో తేల్చలేక అమ్మ మొహం చూస్తాడు.

ఇది ఊరికే అల్లిన కథ కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను ఆర్థికశాస్త్రంలో 2019 నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారితోపాటు మరికొందరు పరీక్షించారు. ఆ ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. బజారు పిల్లలు దాదాపు అందరూ బేరంలో చిక్కు లెక్కలు తప్పులేకుండా చేశారు. అంతకంటే తేలిక లెక్కలే పాఠ్యపుస్తకం పద్ధతిలో ఇస్తే చేయలేకపోయారు. దగ్గరి బడులలో చదివే పిల్లలు 471 మందిది దీనికి సరిగ్గా తలకిందులు. తేలికపాటి పుస్తకం లెక్కల్లో వాళ్లే మెరుగు. కాని బజారు పిల్లల్లో మూడోవంతు కంటే ఎక్కువమంది చేసిన ఒక బేరం లెక్కను బడిపిల్లల్లో నూటికి ఒక్కరే చేయగలిగారు.

ఇంతకు నలభై ఏళ్ల క్రితం, 1985లో, బ్రెజిల్ దేశంలోని రెసీఫే నగరంలో ఇట్లాంటిదే ఇంకొక పరిశోధన వెలువడింది. పన్నెండేళ్ల కొబ్బరికాయల కుర్రవాణ్ణి, ఒకటి ముప్పైఅయిదు చొప్పున పది కాయలు ఎంత అని అడిగారు. పక్కన సున్న పెడితే సరిపోతుందని బడిలో నేర్పుతారు కదా. వాడు ఆ దారిన పోలేదు. మూడు కాయలకు నూటఅయిదు అని పట్టుకుని, మూడేసి చొప్పున కలుపుకుంటూ పోయి మూడువందల యాభై అన్నాడు. అక్కడ పరీక్షించినది అయిదుగురు పిల్లలనే. కాని అంగడిలో నూటికి 98 లెక్కలు సరిగా చేసిన ఆ పిల్లలే, ఉత్త అంకెలుగా ఇచ్చిన లెక్కల్లో నూటికి 37 మాత్రమే సరిగా చేశారు. పిల్లలు మారలేదు, లెక్కలూ మారలేదు. అడిగిన తీరు మారింది, అంతే.

మనవాళ్లకి నోటిలెక్క కొత్త విద్య కాదు. సంస్కృతంలో మహావీరాచార్యుడు రాసిన గణితాన్ని పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు చేశాడు. వీధిబడుల్లో ఎక్కాలు గొంతెత్తి వల్లించేవారు. వీసమంటే పదహారోవంతు, పరక అంటే ఎనిమిదోవంతు, తర్వాత పాతిక, అర, ముప్పాతిక: ఇవన్నీ పిల్లల నాలుకమీద ఆడేవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి నూరు పైసలయ్యాక పదహారణాల లెక్క పోయింది. లెక్క తేలికైంది, మంచిదే. దానితోపాటు రోజూ బుర్రకు పడే మేత కూడా కొంత తగ్గింది.

మన సినిమావాళ్ల సంగతే చూడండి. ఫిలిం రీళ్ల మీద సినిమాలు తీసిన రోజుల్లో ఎడిటింగు గదిలో పనిచేసినవాళ్లకి ఇరవైనాలుగో ఎక్కం రాకపోతే రోజు గడిచేది కాదు. సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 1,440. ముప్పైఅయిదు మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు కనుక నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. అవసరం వెంటపడితే ఎక్కం దానంతటదే వస్తుందనడానికి ఇంతకంటే ఏం చెప్పాలి?

కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టు అంధులు. పలక పట్టి రాయడమన్నదే లేదు. అయినా సభల్లో గణితావధానాలు చేసి పండితులను ముక్కుమీద వేలు వేయించారు. మన కాలంలో, 2020 ఆగస్టులో, మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ నోటిలెక్కల పోటీలో హైదరాబాదు కుర్రవాడు నీలకంఠ భానుప్రకాశ్ ఇరవయ్యేళ్లకే బంగారు పతకం గెలిచాడు. వీరిని చూసి గర్వపడదాం. కాని మీ మూడో తరగతి పిల్లను మాత్రం వీరి పక్కన నిలబెట్టి కొలవకండి. గెంతే లేడితో పోల్చి ఇంట్లోని దూడను కొట్టిన చందంగా ఉంటుంది.

మరి కొలత ఏది? కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' పథకంలో కొన్ని గీతలు గీశారు. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 దాకా అంకెలు చదివి రాయాలి, తేలికపాటి కూడికలు, తీసివేతలు రావాలి. రెండో తరగతికి 999 దాకా అంకెలు, 99 లోపు తీసివేతలు. మూడో తరగతికి 9,999 దాకా అంకెలు, తేలిక గుణకారాలు. మన తెలంగాణలో 'తొలిమెట్టు' అన్న కార్యక్రమం 2022లో ఇందుకోసమే వచ్చింది. ఈ గీతలు చూస్తే, రెండో తరగతిలోనే భాగహారాలు రాలేదని బెంగపడే తల్లులకు కాస్త ఊపిరి ఆడుతుంది.

అసలు సంగతి మాత్రం ఊరట కలిగించేది కాదు. 'ప్రథమ్' సంస్థ చొరవతో 2005 నుంచి గ్రామాలలో 'అసర్' అనే పరిశీలన జరుగుతున్నది. ఇంటికి వెళ్లి ఒక్కొక్క పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు. ముందు ఒంటి అంకెలు, తర్వాత రెండంకెల సంఖ్యలు, తర్వాత అప్పు తెచ్చి చేసే తీసివేత, చివరికి మూడంకెల సంఖ్యను ఒంటి అంకెతో భాగించడం. 2024 లెక్క ప్రకారం దేశం మొత్తంమీద గ్రామాల్లోని మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు నూటికి 34 మంది. అయిదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు నూటికి 31 మంది. ఇవి పల్లెల అంకెలు కదా, మనకెందుకని పట్నంవాళ్లు తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పరీక్షలో నేర్చుకోదగిన పద్ధతి ఒకటి ఉంది. అక్కడ పిల్లకు మార్కులు వేయరు. ఏ మెట్టు దాకా ఎక్కగలదో చూస్తారు.

ఆ పద్ధతే ఇంట్లో పెట్టుకుందాం. పది నిమిషాలు చాలు. అన్నం తిన్నాక, ఆట ముగిశాక, తీరికగా ఉన్నప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పరీక్ష అనే మాట ఎత్తకండి. గడియారం చూడకండి.

మొదట నోటితో అడగండి. "యాభైరెండు రూపాయలున్నాయి, ఇరవైఏడు ఖర్చయింది, ఎంత మిగిలింది?" ఇట్లాంటివి నాలుగైదు. తర్వాత అవే అంకెలు వేరే వరుసలో కాగితం మీద రాసి చేయమనండి. ప్రతి లెక్క అయ్యాక, తప్పయినా ఒప్పయినా, "ఎట్లా చేశావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఒప్పు లెక్కకూ ఈ ప్రశ్న వేయాలి సుమండీ. తప్పుకి మాత్రమే వేస్తే, ఆ ప్రశ్న వినగానే పిల్ల రబ్బరు తీసుకుంటుంది.

ఇక ఫలితం. కాగితం మీద 52 లోంచి 27 తీసివేస్తే 35 అని రాసిందనుకోండి. అది అజాగ్రత్త కాదు. రెండులోంచి ఏడు పోదు కనుక, ఏడులోంచి రెండు తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఎప్పుడో విన్నది, ఆ సూత్రాన్నే నమ్మకంగా పాటించింది. ఎర్రసిరాతో ఇంటూ కొడితే ఆ సూత్రం పోదు. అదే పిల్ల నోటితో ఇరవైఅయిదు అని సరిగా చెప్పిందంటే బుర్రకేమీ లోటు లేదు, స్థానాల సంగతి తెలియదన్నమాట. పది చీపురుపుల్లలు ఒక కట్టగా కట్టి అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు ముందుంచండి. ఇరవైఏడు ఇమ్మంటే తనే ఒక కట్ట విప్పుతుంది. అప్పు తెచ్చుకోవడమంటే అదేనని అప్పుడు చెప్పండి.

నూట ఇరవైమూడు రాయమంటే 100203 అని రాసే పిల్లలు ఉంటారు. నవ్వకండి. విన్నది విన్నట్టు రాశారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మరో తంటా, 'థర్టీన్', 'థర్టీ' చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. పదమూడు, ముప్పై అని తెలుగులో కూడా చెప్పి చూడండి. సగం తప్పులు లెక్కవి కావు, మాటవి.

కాగితం మీద చేసి నోటితో చెప్పలేకపోతే మందు బజారులో ఉంది. కూరల దగ్గర, కిరాణా కొట్టులో, ఆటో దిగినప్పుడు చిల్లర లెక్క పిల్లకు అప్పజెప్పండి. ఫోనుతో డబ్బు కట్టేసే ఈ రోజుల్లో పిల్లలు చిల్లర చూడటమే మానేశారు. వారానికొకసారైనా నోటు చేతికివ్వండి. వర్షం రోజుల్లో వైకుంఠపాళి, చింతపిక్కలు, వామనగుంటలు ఉండనే ఉన్నాయి. రెండు విధాలా రాకపోతే ఒక మెట్టు దిగండి, రెండు మెట్లు దిగండి. రెండంకెల సంఖ్యలే సరిగా గుర్తుపట్టని పిల్ల చేత భాగహారం చేయిస్తే ఇద్దరికీ కన్నీళ్లే మిగులుతాయి. రెండూ వచ్చాయా, ఇంక లేపి ఆడుకోవడానికి పంపేయండి.

మరొక్క మాట. బడిలో చేర్చుకోబోయేముందు పసివాళ్లకు పరీక్ష పెట్టి ఏరుకోవడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మొదటి తప్పుకు 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా వేయవచ్చు. ఇది మైనారిటీల ప్రైవేటు బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి పరీక్ష కోసం నాలుగేళ్ల పిల్లకు ట్యూషను పెట్టించేముందు తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

పరీక్షలు వద్దని నేననడం లేదు. కొలవకపోతే ఎక్కడ ఆగిపోయారో తెలియదు. కాని ఎనిమిదేళ్ల పిల్ల "నాకు లెక్కలు రావు" అని ఒకసారి మనసులో రాసుకుంటే, ఆ రాతను తర్వాత పదేళ్ల ట్యూషన్లు కూడా చెరపలేవు. "ఆడపిల్లవు, లెక్కలు రాకపోతేనేం" అని ఓదార్చేవాళ్లు ఇంట్లో ఉంటే ఆ రాత మరింత గట్టిపడుతుంది. అటు కూరల బండి దగ్గరి కుర్రవాడు, చేతిలో అంత విద్య ఉంచుకునీ, బడిలో మొద్దు అనిపించుకుని చదువు మానేస్తాడు. నష్టం ఇద్దరిదీ, మనదీను.

ఈసారి మార్కుల కాగితం ఇంటికి వచ్చినప్పుడు సంతకం పెట్టడానికి తొందరపడకండి. తప్పయిన లెక్కల్లో ఒకటి ఎంచుకుని, పిల్ల చేతనే మళ్లీ చేయించి, ఎట్లా చేసిందో చెప్పించుకుని వినండి. విన్నది ఓ చిన్న కాగితం మీద రాసి మేష్టారికి పంపండి. నలభైమంది పిల్లల మధ్య ఆయనకు చిక్కని సంగతి అందులో దొరకవచ్చు.